వెంటిలేటర్ పెట్టమంటారా? లివింగ్ విల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

నెల్లూరు పొగతోటలో రాత్రి రెండు గంటలప్పుడు ఏ ఆసుపత్రి మెట్లెక్కినా దాదాపు ఒకే దృశ్యం. ఐసీయూ బయట కుర్చీల్లో కొందరు, నేలమీద దుప్పటి పరుచుకుని కొందరు. పక్కన ఫ్లాస్కు, మందుల బిల్లులున్న సంచి. లోపలి నుంచి డ్యూటీ డాక్టరు వచ్చి అడుగుతాడు: "ఆక్సిజన్ నిలబడటం లేదు. వెంటిలేటర్ పెట్టాల్సొస్తుంది. పెట్టమంటారా?"

పెద్దకొడుకు తమ్ముడి మొహం చూస్తాడు. తమ్ముడు అక్క మొహం చూస్తాడు. అక్క డల్లాస్‌లో ఉన్న చిన్నతమ్ముడికి వాట్సాప్ కాల్ కలుపుతుంది. వాళ్ల నాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంట్లో ఏ సంగతైనా తనే తేల్చి చెప్పే మనిషి, ఇప్పుడు లోపల తెలివి లేకుండా ఉన్నాడు. ఆయన ఏమనేవాడో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ రాలేదు. ఒకవేళ వచ్చినా, "సందేళ పూట ఏం మాటలవి" అని ఎవరో ఒకరు నోరు మూయించి ఉంటారు.

చివరికి ఒకరు సంతకం పెడతారు. పెట్టమన్నవాడు నెల తిరిగేసరికి నాయన వీపున పడిన పుండ్లు చూసి కుమిలిపోతాడు. వద్దన్నవాడికి ఆబ్దికం నాడు ఎవరో ఒక బంధువు గుర్తు చేస్తాడు. తెలివి లేని రోజున తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే కాగితం లివింగ్ విల్. దాని గురించి చట్టం భాషలో చాలా చెప్పొచ్చు గానీ, దాని అసలు పని ఈ సంతకం దగ్గరే ఉంది. వైద్యం ఆపమనే కాగితంగానే దాన్ని చాలామంది చూస్తున్నారు. అంతకన్నా ముందు అది రెండు సంగతులు చెబుతుంది: నా తరఫున మాట్లాడేది ఎవరో, వాళ్లు చెప్పేది నా మాటేనని.

వీలునామాకూ దీనికీ పేరులోనే చుట్టరికం

'విల్' అనగానే మనకు గుర్తొచ్చేది పొలం, ఇల్లు, బంగారం. ఆ వీలునామా మనిషి పోయాక లేచి మాట్లాడుతుంది. లివింగ్ విల్ మనిషి బతికుండగానే మాట్లాడుతుంది, మనిషి పోగానే దాని పని అయిపోతుంది. అందులో ఆస్తి ఊసు ఉండదు. కోర్టు భాషలో దీన్ని అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్ అన్నారు. తెలుగులో ముందస్తు వైద్య ఆదేశం అనుకోవచ్చు.

"మా అబ్బోడికి జీపీఏ రాసిచ్చా గదా, అన్నీ వాడే చూసుకుంటాడు" అనేవాళ్లు ఉన్నారు. జీపీఏ అంటే మన తరఫున పనులు చూసే అధికారం ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ. మామూలుగా అది, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే చెల్లదు. అంటే సరిగ్గా అవసరమైన రోజునే అది చేతికి రాదు. ఇన్సూరెన్సు పాలసీలో నామినీగా ఉన్నంత మాత్రాన వైద్యం గురించి చెప్పే హక్కు రాదు, నామినీకి వచ్చేది డబ్బు. అవయవదానానికి ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవడం వేరు, వైద్య కళాశాలకు శరీరదానం రాసివ్వడం వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ ముందస్తు ఆదేశం అనే మాట ఉంది. అది మానసిక జబ్బుకు ఎలాంటి వైద్యం కావాలో చెప్పుకోవడానికి. మన సంగతి దానితో కలవదు.

కాగితం ఎప్పుడు నిద్ర లేస్తుంది

లివింగ్ విల్ బీరువాలో నిద్రపోతూ ఉంటుంది. అది లేవాలంటే రెండు సంగతులు కలిసి రావాలి. మనిషికి నిర్ణయం చెప్పే తెలివి పోవాలి. జబ్బు నయమయ్యే, కోలుకునే ఆశ లేని దశకు చేరాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే లేవదు. కొన్ని సందర్భాలు ఊహించుకుంటే తేటపడుతుంది.

కావలి దగ్గర హైవే మీద బైకు జారి తలకు దెబ్బ తగిలిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడు వెంటిలేటర్ మీద ఉన్నాడనుకుందాం. తెలివి లేదు. కానీ మెదడు వాపు తగ్గితే లేస్తాడని డాక్టర్లకు నమ్మకం ఉంది. ఆ కుర్రాడు లివింగ్ విల్ రాసి ఉన్నా ఇక్కడ దానికి పని లేదు, వైద్యం సాగుతుంది. "ఆ కాగితం రాస్తే యాక్సిడెంటైనా చూడరంట" అన్న పుకారుకు ఇదే జవాబు.

కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ల కథ అందరికీ తెలిసిందే. కిడ్నీ జబ్బులూ అక్కడ కొత్తేం కాదు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పొయ్యొచ్చే ఒక రైతు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, "ఇంక నావల్ల గాదు, నేను రాను" అన్నాడనుకుందాం. ఆయనకు తెలివి ఉంది, మాట ఉంది. తన ఒంటికి ఏ వైద్యం వద్దో చెప్పే హక్కు ఆయనకు ఎప్పుడూ ఉంది, దానికి ఏ కాగితమూ, ఏ డాక్టర్ల బోర్డూ అక్కర్లేదు. డాక్టరు చేయాల్సింది, ఆపితే ఏమవుతుందో విడమరిచి చెప్పడం, ఆ మాట వెనక దిగులు జబ్బో, ఇంట్లో డబ్బు ఇబ్బందో ఉందేమో కనుక్కోవడం. అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరికి దుర్యోధనుడు శస్త్రవైద్యుల్ని పిలిపిస్తే, వాళ్లను సత్కరించి పంపేయమన్నాడు తాత. అప్పుడు ఆయన నోరు పనిచేస్తోంది. లివింగ్ విల్ నోరు పనిచేయని భీష్ముల కోసం.

మూడో సందర్భంలో గూడూరు వైపు ఒక డెబ్బై ఏళ్లావిడ. ఊపిరితిత్తుల కేన్సర్ కాలేయానికీ, ఎముకలకూ పాకింది. చెన్నైలో కీమో అయ్యింది, ఇక చేయగలిగింది లేదన్నారు. ఇప్పుడు నిమ్ము చేరి స్పృహ తప్పింది. గొట్టం వేసి మెషిన్ పెడితే నిమ్ము తగ్గుతుందేమో గానీ కేన్సర్ అక్కడే ఉంటుంది. ఈవిడ రాసిన కాగితం ఇక్కడ నిద్ర లేస్తుంది.

నాలుగోది చిక్కు సందర్భం. అల్జీమర్స్ ముదిరి కొడుకుని కూడా గుర్తుపట్టని పెద్దాయన. నిర్ణయం చెప్పే తెలివి పోయింది, జబ్బు నయం కాదు. కానీ తింటున్నాడు, వరండాలో కూర్చుంటున్నాడు, పాత పద్యం ఒకటి అప్పుడప్పుడూ అందుకుంటున్నాడు. చివరి దశ అని దేన్ని అనాలి? ఈయనకు నిమ్ము చేస్తే యాంటీబయాటిక్ ఇవ్వాలా? ఇక్కడ కాగితంలో వాడిన మాటల మీదే సగం భారం పడుతుంది.

ఆపడం వేరు, చంపడం వేరు: కోర్టు గీసిన గీత

పేపర్లలో 'కారుణ్య మరణం' అని ఒకే మాటతో అన్నిటినీ కట్టేస్తారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం మన దేశంలో నేరం, ఏ కాగితం రాసినా నేరమే. జబ్బు తన దారిన తాను పోతుంటే అడ్డం పెట్టిన యంత్రాన్ని తీసేయడం, లేదా మొదటే పెట్టకపోవడం, షరతులతో చట్టసమ్మతం. మొదటిదానిలో చావుకు కారణం ఇంజెక్షన్. రెండోదానిలో కారణం జబ్బు.

ఆ గీత ఒక్కరోజులో పడింది కాదు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అరుణా శానభాగ్ మీద 1973 నవంబరులో అక్కడి ఉద్యోగే ఒకడు దాడి చేశాడు. మెడకు గొలుసు బిగియడంతో మెదడుకు రక్తం ఆగి ఆమె శాశ్వతంగా స్పృహలేని స్థితిలోకి వెళ్లిపోయింది. ఆహారం ఆపి ఆమెను వెళ్లనివ్వాలని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2011 మార్చి 7న కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. అయితే హైకోర్టు అనుమతితో వైద్యం ఉపసంహరించుకోవచ్చని మొదటిసారి ఒప్పుకుంది. ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది వేరొకటి. అరుణకు 'తనవాళ్లు' ఎవరు అని కోర్టు వెతికింది. పిటిషన్ వేసిన రచయిత్రి కాదు, ఏళ్ల తరబడి ఒళ్లు తుడిచి అన్నం పెట్టిన కేఈఎం సిబ్బందే అంది. వాళ్లు ఆమె బతకాలన్నారు. 2015 మే 18న న్యుమోనియాతో పోయేదాకా, దాదాపు 42 ఏళ్లు ఆమె అదే ఆసుపత్రిలో ఉంది. ఆమె ఏం కోరుకునేదో మాత్రం ఎవరికీ తెలియకుండానే పోయింది.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు 2004లో ఇంకో రకం కేసు వచ్చింది. కండరాల క్షీణత జబ్బుతో చివరికొచ్చిన హైదరాబాద్ చెస్ ఆటగాడు వెంకటేశ్, తన అవయవాలు పాడవకముందే తీసుకుని ఎవరికైనా పెట్టమని కోరాడు. తల్లి ఆ కోరిక పట్టుకుని కోర్టుకెక్కింది. అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదని హైకోర్టు కాదంది. లివింగ్ విల్ ఇప్పుడు ఉన్నా ఆ కోరిక తీర్చలేదు. వద్దనే హక్కు ఇస్తుంది తప్ప, ఫలానాది చేసి ప్రాణం తీయమని అడిగే హక్కు ఇవ్వదు.

కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద, 2018 మార్చి 9న అప్పటి ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనంది, లివింగ్ విల్‌కు గుర్తింపు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేదాకా కోర్టు మార్గదర్శకాలే చట్టం.

2018 దారిలో ముళ్లు, 2023లో వాటిని ఏరడం

హక్కు ఇచ్చారు గానీ 2018 పద్ధతి ప్రకారం దాన్ని వాడుకోవడం దాదాపు అసాధ్యంగా ఉండేది. కాగితం మీద ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కావాలి. అమలు రోజున ఆసుపత్రి బోర్డులో ఇరవై ఏళ్ల అనుభవమున్న నిపుణులు ఉండాలి. దాని మీద కలెక్టరు ఇంకో బోర్డు వేయాలి. ఆ పైన మేజిస్ట్రేటు స్వయంగా ఆసుపత్రికొచ్చి రోగిని చూడాలి. మార్కాపురంలో మంచంలో ఉన్న మనిషి కోసం ఒంగోలు కలెక్టరేటులో ఫైలు కదిలి, న్యూరాలజీకీ నెఫ్రాలజీకీ ఇరవై ఏళ్ల వాళ్లు దొరికి, మేజిస్ట్రేటు బండెక్కేసరికి దశదిన కర్మ కూడా అయిపోయేది. ఇది కుదరదని ఐసీయూ డాక్టర్ల సంఘమే కోర్టుకు వెళ్లింది. జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 జనవరి 24న నిబంధనలు సడలించింది.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంది. తెలివి ఉన్న మేజర్ ఎవరైనా రాయొచ్చు, ఎవరి బలవంతమూ ఉండకూడదు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం. సాక్షులు వీలైనంతవరకు కుటుంబంతో లాభనష్టాలు లేనివాళ్లయితే మంచిది. మేజిస్ట్రేటు బదులు నోటరీ గానీ, గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. ఉద్యోగం అప్లికేషన్‌కు మార్కుల లిస్టు జిరాక్సు మీద 'గెజిటెడ్ సంతకం' కోసం తిరిగిన తరానికి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మనకు తెలివి లేనప్పుడు నిర్ణయం చెప్పాల్సినవాళ్ల పేర్లు అందులో ఉండాలి. ఒకరికన్నా ఎక్కువమందిని రాసుకునే వెసులుబాటు 2023లో వచ్చింది.

కాపీలు ఎక్కడెక్కడికి పోవాలో కూడా చెప్పారు. పేరు రాసినవాళ్లకు ఒకటి, ఎప్పుడూ చూపించుకునే డాక్టరు ఉంటే ఆయనకు ఒకటి, ఊరి స్థానిక సంస్థకు, అంటే కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీకి ఒకటి. ఆ సంస్థలో ఒక అధికారిని సంరక్షకుడిగా పెట్టి ఆ కాగితం ఆయన చేతిలో ఉంచాలి. డిజిటల్ ఆరోగ్య రికార్డులోనూ చేర్చుకోవచ్చు. తీర్పులో తేలిగ్గా కనిపించే ఈ 'సంరక్షకుడు' అనే ముక్క నేలమీద అంత తేలిగ్గా దిగలేదు. మహారాష్ట్రలో ఆ నియామకాల కోసం ఒక డాక్టరు బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయాల్సొచ్చింది. గోవాలో 2024లో ఒక సిట్టింగ్ హైకోర్టు న్యాయమూర్తే తన లివింగ్ విల్ ఇచ్చి దారి చూపారు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మన మున్సిపల్ ఆఫీసు కౌంటరులో ఈ కాగితం పెడితే "ఇది ఏ సెక్షన్‌కు పోతాది సార్" అన్న ప్రశ్న ఎదురైతే ఆశ్చర్యపోకూడదు.

అమలు రోజు ఏం జరుగుతుందో గూడూరు ఆవిడనే తీసుకుని చూద్దాం. చికిత్స చేస్తున్న డాక్టరు కాగితం అసలుదేనని తేల్చుకుంటాడు. ఆయన, కనీసం అయిదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. దాన్ని పరీక్షించడానికి రెండో బోర్డు: జిల్లా ముఖ్య వైద్యాధికారి, మన భాషలో డీఎంహెచ్‌ఓ, పంపిన డాక్టరు ఒకరు, మొదటి బోర్డులో లేని నిపుణులు ఇద్దరు. దానికీ 48 గంటలే. ఆవిడ పేరు రాసిన మనిషి, కూతురనుకుందాం, ఒప్పుకోవాలి. ఆ పైన ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేసి అప్పుడు అమలు చేస్తుంది. మేజిస్ట్రేటు రావక్కర్లేదు, ముందు తెలియజేస్తే చాలు. బోర్డులు కాదంటే హైకోర్టు తలుపు తట్టొచ్చు. అన్నీ అనుకున్నట్టు జరిగితే నాలుగు రోజులు. మొత్తం ఆరుగురు డాక్టర్లు. పొగతోటలోనో, ఒంగోలు, నెల్లూరు వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనో ఆరుగురు దొరుకుతారు. పొదిలిలో ఇరవై పడకల నర్సింగ్ హోముకు అది పెద్ద లెక్కే.

కాగితమే లేకపోతే? చాలామంది విషయంలో ఉండదు గదా. అప్పుడూ ఇవే రెండు బోర్డులు, ఇదే దారి. తేడా ఒక్కటే: కుటుంబం ఒప్పుకోవాలి. 'కుటుంబం' అంటే ఎవరన్నది మళ్లీ మనం మొదట చూసిన వరండాలోకి వచ్చి నిలబడుతుంది.

"వెంటిలేటర్ వద్దు" అని రాస్తే సరిపోదు

రాసినదాంట్లో స్పష్టత లేకపోతే బోర్డు దాన్ని పక్కన పెట్టి, కాగితం లేని రోగిలాగే చూస్తుంది. అందుకే మాటలు ముఖ్యం. కావలిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉన్నారనుకుందాం. మొదటి చిత్తుప్రతిలో ఆయన "నాకు వెంటిలేటర్ పెట్టవద్దు" అని ఒక్క వాక్యం రాసుకున్నారు. డెంగీ వచ్చి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నాలుగు రోజులు మెషిన్ మీద ఉండి ఇంటికొచ్చి మళ్లీ పద్యాలు చదువుకునేవాళ్లు ఉన్నారు. ఆ నాలుగు రోజులూ వద్దంటున్నారా? అలా కాదన్నారు. రెండో చిత్తులో వాక్యం ఇలా మారింది: "నా జబ్బు నయం కాదని, నాకు తెలివి తిరిగిరాదని డాక్టర్లు నిర్ధారిస్తే, వెంటిలేటర్, డయాలసిస్, గుండె ఆగితే ఛాతీ నొక్కి షాక్ ఇవ్వడం వద్దు. అప్పటికే మొదలుపెట్టి ఉంటే తీసేయండి. నొప్పికీ, ఆయాసానికీ మందులు మాత్రం ఎప్పుడూ ఆపకండి."

చివరి వాక్యం చిన్నదే గానీ బరువైంది. వైద్యం ఆపడమంటే మనిషిని వదిలేయడం అని జనానికి భయం. యంత్రం తీసేశాక కూడా నొప్పి తగ్గించడం, గొంతులో గురక లేకుండా చూడటం, నోరు తడపడం అన్నీ వైద్యమే. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు, ఉపశమన వైద్యం. మార్ఫిన్ ఆసుపత్రులకు సులభంగా అందేలా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు కూడా.

ఐసీయూ డాక్టర్లు వాడే ఇంకో పద్ధతి ఉంది, గడువు పెట్టి చూడటం. "వారం రోజులు మెషిన్ పెట్టి చూడండి, మెరుగు లేకపోతే పైన రాసినట్టు చేయండి." ఆశకూ భయానికీ మధ్య ఇరుక్కున్న కుటుంబానికి ఈ ఒక్క వాక్యం చాలా ఊపిరి ఇస్తుంది.

"ఇంటికి తీసుకుపోండి" అనే రాయని చట్టం

కోర్టు తీర్పులు రాకముందు నుంచీ మన దగ్గర ఒక పద్ధతి నడుస్తోంది. అందరికీ తెలిసిందే, కాగితం మీద ఎక్కడా లేదు. డాక్టరు పక్కకు పిలిచి, "ఎవరెవరు రావాల్నో కబురు చేసుకోండి. ఇంటికి తీసుకుపోతే మంచిది" అంటాడు. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి, ఎవరో ఒకరు చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుకుంటూ, నెల్లూరు నుంచి వింజమూరుకో ఉదయగిరికో బయల్దేరతారు. ఆసుపత్రి కాగితాల్లో మాత్రం 'వైద్య సలహాకు విరుద్ధంగా తీసుకెళ్లారు' అని ఉంటుంది. తీసుకుపొమ్మన్నది ఎవరు, విరుద్ధంగా తీసుకెళ్లింది ఎవరు?

ఆ ప్రయాణానికి ఒక అర్థం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ప్రాణం తన ఇంట్లో, తన గడపలో పోవాలని కోరుకునేవాళ్లు చాలామంది. తులసి తీర్థం పోయాలి, మనవళ్లు చుట్టూ ఉండాలి. నెల్లూరు ముస్లిం ఇళ్లల్లో కలిమా చెవిన పడాలి, జంజం నీళ్లు నోట్లో పడాలి. బాప్టిస్టు పేటల్లో పాస్టరు వచ్చి ప్రార్థన చేయాలి. ఐసీయూలో ఇవేవీ కుదరవు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు ఇంకో బాధ, ఓనరు శవాన్ని లోపలికి రానివ్వడేమోనని.

అయితే ఆ ప్రయాణాన్ని నిర్ణయించేది చాలాసార్లు రోగి కోరిక గాదు, అయిపోయిన డబ్బు. దారిలో గొట్టం ఊడుతుంది, ఆయాసం ముంచుకొస్తుంది, మార్ఫిన్ ఇచ్చేవాడు ఉండడు. ఆ ఆఖరు గంటలు ఎంత నరకమో అంబులెన్సులో కూర్చున్నవాళ్లకే తెలుసు. లివింగ్ విల్‌ను సమర్థించేవాళ్ల వాదన ఇక్కడ బలంగా ఉంటుంది: వైద్యం ఆపడం ఎలాగూ జరుగుతూనే ఉంది, రోగి మాట ప్రకారం, నొప్పి లేకుండా, రికార్డు మీద జరగనివ్వండి. ఎదుటివాళ్ల జవాబూ గట్టిదే: ఉచితంగా ఐసీయూ పడక దొరకని చోట 'నాకు వద్దు' అన్న మాట ఎంతవరకు స్వేచ్ఛగా వచ్చినట్టు? పిల్లలకు భారం కాకూడదని రాసే తల్లి, తన కోరిక రాస్తోందా, ఇంటి అప్పు రాస్తోందా? నోటరీ బల్ల ముందు ఈ రెంటినీ వేరు చేసే పరికరం ఏదీ లేదు.

ముక్కు గొట్టం: వైద్యమా, అన్నమా

వెంటిలేటర్ సంగతి ఒప్పుకున్నవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం ద్వారా పాలు, జావ పోస్తారు. దాన్ని తీయడమంటే వైద్యం ఆపడమా, అన్నం పెట్టకపోవడమా?

హరీశ్ రాణా కేసులో ప్రశ్న ఇదే. చండీగఢ్‌లో చదువుకునే ఆ కుర్రాడు 2013లో నాలుగో అంతస్తు నుంచి పడి ఏళ్ల తరబడి స్పృహలేని స్థితిలో ఉండిపోయాడు. వెంటిలేటర్ లేదు, గొట్టం ద్వారా ఆహారమే. తల్లిదండ్రులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, యంత్రాల మీద ఆధారపడి లేడు కాబట్టి కుదరదని 2024లో కోర్టు చెప్పింది. విషయం సుప్రీంకోర్టుకెక్కి వైద్య బోర్డుల దాకా వెళ్లింది. ఇరవై ఏళ్ల వయసులో లివింగ్ విల్ ఎవరు రాస్తారు? వాళ్ల మాట అమ్మానాన్నలే మోయాలి.

డాక్టర్లలో ఎక్కువమంది లెక్కలో గొట్టం వైద్యమే. వేసేది, మార్చేది, కొలత చెప్పేది వాళ్లే. చావు దగ్గరపడిన ఒంటికి ఆకలి ఉండదని, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి బాధే పెంచుతుందని కూడా వాళ్లు చెబుతారు. ఇంట్లో అమ్మ లెక్క వేరు. "కడుపు మాడ్చి పంపినామే" అన్న మాట ఆమె జీవితాంతం మోస్తుంది. అన్నం పెట్టడమే ప్రేమగా బతికే ఇళ్లల్లో ఇది చట్టంతో తెగే ముడి గాదు. ఆ కోరిక ఉన్నవాళ్లు గొట్టం మాట కాగితంలో విడిగా రాస్తే, కనీసం తేల్చుకునే బరువు అమ్మ మీద పడదు.

భయాలు ఉత్తవి కావు

మొదటి భయం ఆస్తి. పొలం కోసం ముసలాయనతో బలవంతంగా వేలిముద్ర వేయిస్తే? కాగితం ఒక్కటే ప్రాణం తీయలేదు, మధ్యలో ఆరుగురు డాక్టర్లు ఉన్నారు, జబ్బు నయం కాని దశలో ఉండాలి. అయినా భయం పూర్తిగా పోదు. సాక్షులు బయటివాళ్లయితే మంచిదన్నది అందుకే.

రెండోది డాక్టర్ల భయం. రోగి పోగానే ఆసుపత్రి అద్దాలు పగలడం మనకు తెలిసిందే, ఆపైన పోలీసు కేసు. వైద్య ఉపసంహరణపై కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేస్తే, ఇవి డాక్టర్లను ఒత్తిడికీ కోర్టు విచారణలకీ గురిచేస్తాయని డాక్టర్ల సంఘం ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్) అభ్యంతరం చెప్పింది. నిబంధనలు సడలించమని కోర్టుకెళ్లిన ఐసీయూ డాక్టర్లూ డాక్టర్లే. ఒకే వృత్తిలో రెండు అభిప్రాయాలు, రెంటికీ అనుభవమే ఆధారం.

మతం అడ్డమవుతుందా అని అడుగుతారు. కేథలిక్ చర్చి 1980 ప్రకటనలోనే, ప్రాణం తీయడం పాపమంటూనే, ఫలితం లేని భారమైన వైద్యాన్ని వద్దనుకోవచ్చంది. ప్రాయోపవేశం మన పురాణాలు ఎరిగినదే. చావు వచ్చేదాకా ఉపవాసం ఉండే జైనుల సంథారా నేరమని 2015లో రాజస్థాన్ హైకోర్టు అంటే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. అయితే ఇవేవీ సరిగ్గా లివింగ్ విల్‌కు సమానం కావు, అక్కడ తినడం మానేది తెలివున్న మనిషి.

మనసు మారితే, ఊరు మారితే

రాసిన మనిషి తెలివిలో ఉన్నంతకాలం దాన్ని ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేయొచ్చు, మార్చొచ్చు. రెండు కాగితాలుంటే చివరిదే చెల్లుతుంది. మారుస్తూ రాసినదానికి కూడా మొదటిసారిలాగే సాక్షులు, ధ్రువీకరణ ఉండాలి.

మన జిల్లాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఊరు మారడం. కందుకూరులో పడిపోయిన మనిషిని నెల్లూరు తెస్తారు, నెల్లూరు నుంచి మూడు గంటల్లో చెన్నైకి. తీర్పు దేశమంతటికీ ఒకటే కాబట్టి కాగితం సరిహద్దు దాటినా చెల్లుతుంది. కానీ అక్కడ బోర్డు వాళ్లది, తెలియజేయాల్సిన మేజిస్ట్రేటు అక్కడివాడు, కాగితం మాత్రం కందుకూరు ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం కింద ఉంటుంది. బీరువా తాళం మొలతాడుకు కట్టుకున్న మనిషి ఐసీయూలో ఉంటాడు.

కావలి హెడ్మాస్టరు దగ్గరికి మళ్లీ వెళదాం. మొదటి కాగితంలో ఆయన పెద్దకొడుకు పేరు రాశారు. రెండేళ్లకు ఆయన భార్య ఐసీయూలో ఉన్నప్పుడు ఆ కొడుకు డాక్టరు ముందు నోరు పెగలక బయటికెళ్లి నిలబడిపోయాడు. మాట్లాడింది చిన్నకోడలు. ఆయన ఇంటికొచ్చాక రెండో కాగితం రాయించి చిన్నకోడలి పేరు ముందు, కొడుకు పేరు తరవాత పెట్టారు. "నీ మీద నమ్మకం లేక గాదురా, నీకా బరువెందుకని" అన్నారు కొడుకుతో. కొడుకేమీ అనలేదు. కాగితం తీసుకుపోయి రెండు జిరాక్సులు తీయించుకొచ్చి, ఒకటి కోడలి ఫోనులో ఫొటో తీయించాడు.